ఉదయం గంట నడుస్తున్నా మూడు నెలల సగటు షుగరు దిగడం లేదు: వ్యాయామం ఎప్పుడు, ఏ రకం చేయాలి?

కృష్ణాతీరం (విజయవాడ):

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 58. రెండో రకం మధుమేహం చాలా ఏళ్లుగా ఉంది. రెండు పూటలా మెట్‌ఫార్మిన్, ఉదయం టిఫినుకు ముందు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నాను. తెల్లవారుజామున లేచి, ఏమీ తినకుండా, దాదాపు గంటసేపు వేగంగా నడిచి వస్తాను. ఇంత చేస్తున్నా ఈసారి మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.9 వచ్చింది. మరో విచిత్రం కూడా ఉంది. నడకకు ముందు పరగడుపున 138 ఉన్న షుగరు, నడిచి వచ్చాక చూస్తే 156 ఉంది. తగ్గాల్సింది పెరగడం ఏమిటో నాకు అర్థం కాలేదు. పగలు దుకాణంలో కూర్చునే పని, రాత్రి తొమ్మిదిన్నర దాటాక అన్నం తిని పడుకోవడం నా దినచర్య. నడక వల్ల ప్రయోజనం లేదని అనుకోవాలా, లేక నేను నడిచే పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జీవరసాయనం (హనుమకొండ):

కృష్ణాతీరం గారూ, నేను కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. ముందుగా 156 గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఈ ఒక్క అంకె చూసి భయపడి నడక మానేస్తారు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను వంటివి పెరగడం వల్ల, మనం ఏమీ తినకపోయినా కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఆ సమయంలో రొప్పేంత వేగంగా నడిస్తే అడ్రినలిన్ కూడా తోడై కాలేయాన్ని మరింత తొందరపెడుతుంది. కండరాలు వాడుకునే దానికన్నా కాలేయం వదిలేది ఎక్కువైనంతసేపు మీటరులో అంకె పెరిగినట్టే కనిపిస్తుంది. స్వీడన్‌లో రెండో రకం మధుమేహం ఉన్న 11 మంది పురుషులతో చేసి 2019లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో, మధ్యమధ్య విరామం ఇస్తూ చేసే తీవ్రమైన వ్యాయామాన్ని ఉదయం చేసినప్పుడు షుగరు పెరిగింది, అదే వ్యాయామం మధ్యాహ్నం చేసినప్పుడు తగ్గింది. అధ్యయనం చిన్నదే కాబట్టి దాన్ని పట్టుకుని ఉదయపు నడక చెడ్డదని తేల్చడం సరికాదు. మీ 156 మాత్రం వింత కాదని చెప్పడానికి అది సరిపోతుంది.

నడక వ్యర్థం కాదనడానికి కారణం కండరంలోనే ఉంది. మామూలుగా గ్లూకోజు కండర కణంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ సంకేతం ఇవ్వాలి, అప్పుడు గ్లూట్-4 అనే రవాణా ప్రోటీను కణం లోపలి నుంచి పైపొరకు వచ్చి గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. మధుమేహంలో ఆ సంకేతం సరిగా పనిచేయదు. అయితే కండరం సంకోచించినప్పుడు, ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే ఆ ప్రోటీను పైపొరకు వస్తుంది. అంతేకాక వ్యాయామం ముగిశాక కూడా ఇన్సులిన్‌కు కండరం స్పందించే తీరు ఒక రోజు నుంచి మూడు రోజుల వరకు మెరుగ్గా ఉంటుంది. వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని వైద్యులు చెప్పేది ఇందుకే. ఆదివారం ఒక్కరోజు మూడు గంటలు నడిచి, మిగిలిన వారమంతా కూర్చోవడం ఈ లెక్కకు సరిపడదు.

ఇక మీ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. హెచ్‌బీఏ1సీ 7.9 అంటే రోజంతటి సగటు షుగరు సుమారు 180 అన్నమాట. పరగడుపున 138 ఉండి సగటు 180 అయిందంటే, మిగిలిన రోజులో ఎక్కడో 180కి బాగా పైన గంటల తరబడి ఉంటోందని అర్థం. తొమ్మిదిన్నరకు అన్నం తిని పడుకుంటానని మీరే రాశారు. నా అనుమానం అక్కడే.

నడకప్రియ (డల్లాస్):

జీవరసాయనం గారి అనుమానానికి బలం చేకూర్చే అధ్యయనం ఒకటి న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారిది ఉంది. 2016లో వెలువడింది. రెండో రకం మధుమేహం ఉన్న 41 మందిని కొన్నాళ్లు రోజుకు 30 నిమిషాలు తమకు నచ్చిన సమయంలో నడవమన్నారు, మరికొన్నాళ్లు అదే 30 నిమిషాలను మూడు ముక్కలు చేసి ప్రతి ప్రధాన భోజనం తర్వాత పది నిమిషాలు నడవమన్నారు. నడిచిన మొత్తం సమయం ఒకటే అయినా, భోజనం తర్వాత నడిచినప్పుడు భోజనానంతర షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం. రాత్రిపూట పిండిపదార్థం ఎక్కువగా తిని, తక్కువగా కదలడమే దానికి కారణమని వారు గమనించారు. ఈ వర్ణన చదివినప్పుడు నాకు మన ఇళ్లే గుర్తుకు వచ్చాయి.

నా సలహా ఏమిటంటే, ఉదయపు గంటలో నలభై నిమిషాలు ఉంచుకుని, మిగిలిన దాన్ని రాత్రి భోజనం తర్వాతకు మార్చండి. భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు షుగరు చూసుకోండి. అదే భోజనం, అదే సమయం, ఒక రాత్రి నడిచి, ఒక రాత్రి నడవకుండా పోల్చి చూస్తే మీ శరీరం సంగతి మీకే తెలుస్తుంది.

కృష్ణాతీరం:

ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే తిన్న వెంటనే నడిస్తే అరగదని, కాసేపు ఎడమ పక్కకు ఒరిగి పడుకోవాలని మా ఇంట్లో పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పేవారు. మరో ఇబ్బంది చెబితే నవ్వకండి, రాత్రి పది తర్వాత మా వీధి కుక్కలది. మనిషి నడుస్తుంటే మొరిగి ఊరుకుంటాయి, వేగం పెంచితే వెంటపడతాయి.

నడకప్రియ:

కుక్కల సమస్యకు శాస్త్రంలో పరిష్కారం లేదు గాని మేడ మీద ఉంది. మేడ లేకపోతే వరండా, అదీ లేకపోతే హాలులో గోడ నుంచి గోడకు. పది పదిహేను నిమిషాల నెమ్మది నడకకు వీధి అక్కర్లేదు. పెద్దవాళ్ల మాట కూడా పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు, తిన్న వెంటనే పరుగెత్తితే ఎవరికైనా కడుపులో ఇబ్బందిగానే ఉంటుంది. మాట్లాడుతూ నడవగలిగే వేగానికి ఆ అభ్యంతరం వర్తించదు. కాళ్లు చేతులు కడుక్కుని, గిన్నెలు సర్దడంలో సాయం చేసి, ఆ తర్వాత నడక మొదలుపెట్టినా చాలు. గుండె జబ్బు ఉండి, భోజనం తర్వాత నడిస్తే ఛాతీలో పట్టేసినట్టు అనిపించేవారు మాత్రం ముందు వైద్యుడిని కలవాలి.

కండబలం (విశాఖపట్నం):

నేను ఫిజియోథెరపిస్టును. ఈ చర్చలో ఇప్పటివరకు అందరూ నడక గురించే మాట్లాడారు, మన సమాజంలో షుగరు అనగానే నడక ఒక్కటే గుర్తుకు వస్తుంది. గ్లూకోజును అత్యధికంగా దాచుకునేది కండరం. ఆ కండరమే తక్కువగా ఉంటే ఎంత నడిచినా దాచుకునే చోటు పరిమితమే. ఈ విషయంలో మన భారతీయులకు పుట్టుకతోనే కొంత ప్రతికూలత ఉంది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫొటోను 2004లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును లెక్కించే సూచిక, ఒకటే, 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించినంత మాత్రాన కండ ఉన్నట్టు కాదని ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం.

అమెరికాలోని లూసియానాలో 262 మంది మధుమేహులతో తొమ్మిది నెలలు జరిపి 2010లో ప్రచురించిన పరిశోధనలో కొందరు నడక వంటి వ్యాయామం మాత్రమే, కొందరు బరువులతో వ్యాయామం మాత్రమే, కొందరు రెండూ కలిపి చేశారు. వెచ్చించిన సమయం సుమారుగా సమానమే. వ్యాయామం చేయనివారితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ చెప్పుకోదగినంతగా తగ్గింది రెండూ కలిపి చేసినవారిలోనే, 0.34 మేరకు. కాబట్టి కృష్ణాతీరం గారు మరో గంట నడక పెంచడం కన్నా, వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం ఇస్తూ, కండరాలకు పని చెప్పడం మేలు.

దీనికి జిమ్ము అవసరం లేదు. మన తాతల కాలపు బస్కీలు, దండీలు ఇవే గదా. అయితే 58 ఏళ్ల మోకాళ్లతో ఒక్కసారిగా బస్కీలు మొదలుపెట్టమని నేను చెప్పను. చేతులు లేని గట్టి కుర్చీ మీద కూర్చుని, చేతుల సాయం లేకుండా లేచి, నెమ్మదిగా మళ్లీ కూర్చోవడం మొదటి మెట్టు. పది పన్నెండు సార్లు చేసి, కాసేపు ఆగి, మరో రెండు విడతలు చేయండి. నేల మీద దండీలకు బదులు గోడకు చేతులు ఆనించి చేయండి. లీటరు నీళ్ల సీసాలతో చేతులకు, మెట్టు మీద మడమలు ఎత్తి దించుతూ పిక్కలకు వ్యాయామం అవుతుంది. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి, సునాయాసంగా అయిపోతుంటే బరువు పెంచే సమయం వచ్చినట్టే. ఊపిరి మాత్రం బిగపట్టకూడదు. బరువు ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. కంటి వెనుక పొరలో కొత్త రక్తనాళాలు పెరిగే దశలో రెటినోపతీ ఉన్నవారు ఊపిరి బిగపట్టి బరువులెత్తితే, తలకిందుల ఆసనాలు వేస్తే కంట్లో రక్తస్రావం కావచ్చు. అందుకని నేత్ర వైద్యుడు చూసి చెప్పేదాకా వారు వాటి జోలికి పోకూడదు.

దుకాణంలో కూర్చునే పని అన్నారు. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ తిరగండి. ఉదయం గంట నడిచిన మనిషి మిగిలిన పగలంతా కదలకుండా కూర్చుంటే, ఆ గంట చేసిన మేలులో కొంత పోతుంది.

గట్టుమీద (కోనసీమ):

నాకు ఒక సందేహం ఉంది. మా ఊళ్లో రోజంతా పొలంలో వంగి పనిచేసేవారికి కూడా షుగరు వస్తోంది. వారికి ఆసుపత్రిలో రోజూ వ్యాయామం చేయమని చెబితే నవ్వుకుంటూ ఇంటికి వస్తున్నారు. మా పెద్దనాన్నగారు గ్లిమెపిరైడ్ వేసుకుంటారు. నాట్లప్పుడు మధ్యాహ్నం పన్నెండు గంటలకు గట్టు మీదే చెమటలు పట్టి, మాట తడబడి కూలబడ్డారు. ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లారు. తర్వాత చూస్తే షుగరు 52.

మోతాదు (కరీంనగర్):

గట్టుమీద గారూ, మీ ప్రశ్న చాలా విలువైనది. నేను జనరల్ ఫిజీషియన్‌ను. పొలం పని వ్యాయామమే, శరీరానికి ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. అయితే అది నాట్లకు, కోతలకు ఉధృతంగా ఉండి, మధ్య నెలల్లో బాగా తగ్గిపోతుంది. మాత్ర మోతాదు మాత్రం ఏడాదంతా ఒకటే ఉంటుంది. పని తక్కువ ఉన్న రోజుల్లో పరీక్ష చేయించుకుని రాయించుకున్న మోతాదు, నాట్ల రోజున ఎక్కువైపోతుంది. మీ పెద్దనాన్నగారికి జరిగింది అదే. రైతులు, కూలీలు వ్యవసాయ పనులు మొదలయ్యే ముందు వైద్యుడికి ఆ సంగతి చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. ఈ ప్రశ్న మేమే అడగాలి, కిక్కిరిసిన ఓపీలో అడగడం లేదన్నది నిజం.

వ్యాయామం విషయంలో అందరికీ ఒకే హెచ్చరిక పనికిరాదు, ఏ మందు వాడుతున్నారన్నదే ముఖ్యం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వాడేవారికి షుగరు పడిపోయే ప్రమాదం నిజంగా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటివి వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మూత్రంలో గ్లూకోజుతో పాటు నీటినీ పంపిస్తాయి కాబట్టి మన ఎండల్లో ఒళ్లు ఆరిపోకుండా చూసుకోవాలి. ఆ మాత్రలు వేసుకుని పస్తులుండి కఠిన శ్రమ చేయకూడదు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడేవారికి షుగరు పడిపోతున్నప్పుడు గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి.

మొదట చెప్పిన మందులు వాడేవారు వ్యాయామానికి ముందు షుగరు 90 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తిని బయలుదేరాలి. మధ్యలో 70 కన్నా తగ్గితే పని ఆపి, మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి, పెరగకపోతే మరోసారి తాగాలి. చాక్లెట్, బిస్కెట్ వద్దు, వాటిలోని కొవ్వు వల్ల గ్లూకోజు రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏదీ పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మరో పక్క షుగరు 250 దాటి, కీటోన్లు (శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు తయారయ్యే ఆమ్లాలు) కూడా ఉంటే ఆ రోజు వ్యాయామం పనికిరాదు.

కృష్ణాతీరం గారూ, మీరు మాత్రకు ముందు నడుస్తున్నారు కాబట్టి ఇంతవరకు ఇబ్బంది రాలేదు. నడకను టిఫిను తర్వాతకు మార్చితే మాత్ర ప్రభావం, నడక ప్రభావం కలుస్తాయి. మొదటి కొన్ని రోజులు పదకొండు గంటల ప్రాంతంలో ఒకసారి చూసుకోండి.

మెట్లదారి (తిరుపతి):

వ్యాయామంతో పాటు పుణ్యమూ వస్తుందని మా బంధువుల్లో చాలామంది మధుమేహులు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతారు. 3,550 మెట్లు, అదీ చెప్పులు లేకుండా. పాదాలకు స్పర్శ తగ్గినవారు ఇలా ఎక్కవచ్చా? సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు వట్టి కాళ్లతో తిరగడం కూడా ఇటువంటివే గదా.

కండబలం:

స్పర్శ బాగా ఉన్నవారు, గుండె పరీక్ష చేయించుకున్నవారు ముందుగా కొన్ని వారాలు మెట్లు ఎక్కే అలవాటు చేసుకుని వెళ్లవచ్చు. స్పర్శ తగ్గినవారికి మాత్రం వట్టి కాళ్లు ప్రమాదమే, ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. ముల్లు గుచ్చుకున్నా, ఎండకు వేడెక్కిన రాయి కాల్చినా, బొబ్బ చితికినా వారికి నొప్పి తెలియదు. తెలిసేసరికి పుండు అవుతుంది. పాదం కోల్పోయినవారిలో ఎందరి కథో ఇలాంటి చిన్న పుండుతోనే మొదలైంది. పలచని నైలాను పోగుతో అరికాలిని తాకి చూసే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది, ఏడాదికి ఒకసారైనా చేయించుకోవాలి. స్పర్శ తగ్గినవారు ఎంసీఆర్ అనే మెత్తని రబ్బరు అడుగున్న చెప్పులు గాని, వేళ్లను నొక్కని బూట్లు గాని మేజోళ్లతో వేసుకోవాలి. వేసుకునే ముందు లోపల రాయి ఉందేమో దులిపి చూడాలి, రాత్రి పడుకునే ముందు అరికాలిని అద్దంలో చూసుకోవాలి. దీక్ష తీసుకునేవారు తమ పరిస్థితి గురుస్వామికి చెబితే ఆయన కాదంటారని నేను అనుకోను. దీక్షలో ఒంటిపూట భోజనం చేస్తూ గ్లిమెపిరైడ్ మామూలుగానే వేసుకోవడం మరో ప్రమాదం. దాన్ని మోతాదు గారు ఇప్పటికే వివరించినట్టే లెక్క.

జీవరసాయనం:

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ప్రమేహ (మధుమేహం వంటి వ్యాధుల) రోగి, ధనమూ బంధువులూ లేనివాడైతే, చెప్పులు గొడుగు లేకుండా, భిక్షాన్నం తింటూ, ఊరికి ఒక్క రాత్రి చొప్పున ఉంటూ నూరు యోజనాలు నడవాలని సుశ్రుత సంహిత చెప్పింది. నడక, మితాహారం రెండూ ఒకే సలహాలో ఇమిడిపోయాయి. చెప్పుల విషయంలో మాత్రం నేను కండబలం గారి పక్షమే.

మౌనవీణ (హైదరాబాద్):

మా అమ్మాయికి మొదటి రకం మధుమేహం, ఇన్సులిన్ మీదే ఉంది. పాఠశాల జట్టులో కబడ్డీ ఆడుతుంది. పోటీ ముగిసిన వెంటనే షుగరు 260 దాకా ఉంటోంది, దానికి ఇన్సులిన్ ఇస్తే రాత్రి రెండు గంటలకు 60కి పడిపోతోంది. ఆట మాన్పించమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు.

మోతాదు:

అమ్మా, ఆట మాన్పించకండి. కబడ్డీలో క్షణాల పాటు పూర్తి బలంతో చేసే శ్రమ ఉంటుంది, పోటీ ఉద్వేగం కూడా ఉంటుంది. రెండూ అడ్రినలిన్‌ను పెంచి షుగరును తాత్కాలికంగా ఎగదోస్తాయి. నెమ్మది వ్యాయామం తర్వాత పది సెకన్లు పూర్తి వేగంతో పరుగెత్తితే షుగరు వెంటనే పడిపోకుండా ఉందని ఆస్ట్రేలియాలో 2006లో ప్రచురించిన పరిశోధన ఒకటి మొదటి రకం వారి మీదే జరిగింది. ఆ పెరుగుదల చాలావరకు గంటా రెండు గంటల్లో దానంతట అదే దిగుతుంది. ఆ తర్వాత ఖాళీ అయిన కండరాలు రాత్రంతా గ్లూకోజును లాక్కుంటూనే ఉంటాయి. మీరు ఆట ముగియగానే పూర్తి మోతాదు ఇవ్వడం, కండరాలు లాక్కోవడం రెండూ కలిసి అర్ధరాత్రి ఆ 60 తెస్తున్నాయి. ఆట రోజున దిద్దుబాటు మోతాదు ఎంత తగ్గించాలి, రాత్రి ఇన్సులిన్‌లో మార్పు అవసరమా అన్నది మీ ఎండోక్రైనాలజిస్టు అంకెలు చూసి నిర్ణయించాలి, కాబట్టి ఆట రోజుల అంకెలు విడిగా రాసి తీసుకెళ్లండి. ఆటకు ముందు తొడకు ఇంజెక్షన్ చేయవద్దు, పరుగెత్తే కాలి నుంచి మందు త్వరగా రక్తంలో కలుస్తుంది, పొట్టకు చేయండి. పడుకునే ముందు షుగరు చూసి, తక్కువగా ఉంటే పాలు, రొట్టె వంటివి పెట్టండి. వ్యాయామ ఉపాధ్యాయుడి జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఉండాలి, ఎప్పుడు ఇవ్వాలో ఆయనకు తెలిసి ఉండాలి.

సూటిమాట (నెల్లూరు):

ఇవన్నీ చదివాక ఒక ప్రశ్న. మా పట్టణంలో ఒక కేంద్రం వారు నలభై రోజుల ఆసనాలతో మాత్రలన్నీ మానిపిస్తామని బోర్డు పెట్టారు. నమ్మవచ్చా?

జీవరసాయనం:

నమ్మకండి, మాత్రలు సొంతంగా మానకండి. అనేక పరిశోధనలను కలిపి లెక్కగట్టి 2011లో ప్రచురించిన విశ్లేషణలో, పర్యవేక్షణలో క్రమబద్ధంగా చేసిన వ్యాయామం హెచ్‌బీఏ1సీని సగటున 0.67 తగ్గించింది. వారానికి 150 నిమిషాలు దాటినవారిలో 0.89 తగ్గింది. ఇది ఒక మాత్ర చేసే పనికి దగ్గరగా ఉంది, అంటే తక్కువేమీ కాదు, కానీ అన్ని మాత్రలకూ ప్రత్యామ్నాయం కాదు. అదే విశ్లేషణలో, ఆహార సలహా లేకుండా కేవలం వ్యాయామం చేయమని నోటితో చెప్పి పంపినవారిలో ప్రయోజనం కనిపించలేదు. మందులు లేకుండా షుగరు అదుపులోకి వచ్చినవారు ఉన్నారు. బ్రిటన్‌లో 2017లో వెలువడిన పరిశోధనలో ఏడాది తర్వాత 46 శాతం మందికి అలా జరిగింది, కానీ అది వైద్యుల పర్యవేక్షణలో రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారంతో బరువు తగ్గించడం వల్ల వచ్చిన ఫలితం. ఇంకా షుగరు రాక, సరిహద్దులో ఉన్న మీ పిల్లలకు మాత్రం నడక, ఆహార నియమం ఇప్పుడే మొదలుపెట్టించండి. చెన్నై పరిశోధకులు 531 మంది భారతీయులతో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో జీవనశైలి మార్పుతో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో వచ్చిన ఫలితమూ దాదాపు అంతే.

కృష్ణాతీరం:

మీరంతా చెప్పినట్టు రాత్రి భోజనాన్ని ఎనిమిదిన్నరకు జరిపి, మేడ మీద పావుగంట నడుస్తున్నాను. నడవని రాత్రి, తిన్న రెండు గంటలకు 236 ఉన్నది, నడిచిన రాత్రి 198 వచ్చింది. అన్నం మాత్రం తగ్గించలేదు. కుర్చీ వ్యాయామం మొదటి వారం తొడలు పట్టేసి దుకాణం మెట్లు ఎక్కలేకపోయాను, ఇప్పుడు ఫర్వాలేదు. ఒక్క విషయం అడగాలి. నిన్న టిఫిను తర్వాత నడిచి దుకాణానికి వెళితే పదకొండింటికి కాస్త చేయి వణికింది, చూస్తే 74. ఇది పట్టించుకోవాల్సినదేనా?

మోతాదు:

తప్పకుండా పట్టించుకోవాలి. 70 దాటే ఉంది గాని, గ్లిమెపిరైడ్ మీద ఉన్నప్పుడు వణుకుతో వచ్చిన 74 మరికాస్త కిందికి దిగేలోపే దొరికిందని అనుకోవాలి. ఈ వారంలోనే మీ వైద్యుడికి రెండు రకాల అంకెలూ, అంటే రాత్రి 198, పగలు 74, ఒకే కాగితం మీద రాసి చూపించండి. ఉదయపు మాత్ర మోతాదు తగ్గించవచ్చేమో ఆయన చూస్తారు. అప్పటిదాకా టిఫిను తర్వాత గట్టి నడక ఆపి, పాత పద్ధతిలో మాత్రకు ముందే నడవండి. రాత్రి నడక, కుర్చీ వ్యాయామం కొనసాగించండి. దుకాణం గల్లాపెట్టెలో పంచదార పొట్లం ఒకటి ఉంచుకోండి. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలలు నిండాకే చేయించండి, అంతకన్నా ముందు చేయిస్తే పాత రోజుల షుగరే ఎక్కువగా కనిపిస్తుంది.